నేను తీసుకోని లోను నా పేరు మీంచి పోవడానికి ఎంత కాలం పట్టిందంటే

నా పాన్ నంబరు మీద ఎవరో 1,85,000 రూపాయల పర్సనల్ లోను తీసుకున్నారు, ఒక్క ఈఎంఐ కూడా కట్టలేదు. ఆ సంగతి నాకు తెలిసింది 2025 జూన్‌లో. క్రెడిట్ రిపోర్టులోంచి అది పూర్తిగా పోయింది సెప్టెంబరు ఆఖర్లో. మధ్యలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఎందుకంటే అప్పట్లో నేను ఎవరిని అడిగినా "సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి" అన్నవాళ్ళే గానీ, ఆ ఫోన్ చేశాక ఏమవుతుందో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

మాది విజయవాడ సింగ్ నగర్. నేను వన్ టౌన్ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో అకౌంట్లు చూస్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. బీరువా కింది అరలో ఉన్నవన్నీ పోయాయి. ఇక జన్మలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది లేదని మా ఆయన పట్టుబట్టి, పోరంకిలో మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశారు. 52 లక్షలు. అమ్మేది రిటైరైన లెక్కల మాస్టారు, మంచి మనిషి. మే 8న అగ్రిమెంటు రాసుకుని మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం, మూడు నెలలు గడువు. లోనుకి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టాం.

జూన్ 12, గురువారం మధ్యాహ్నం బ్యాంకు నుంచి ఫోన్. "మేడమ్, మీ ఫైలు వెనక్కి వచ్చిందండీ. సిబిల్‌లో ఓవర్‌డ్యూ ఉంది, ముందే చెప్పుంటే బాగుండేది కదా" అన్నాడు ఆ అబ్బాయి. నాకు లోనే లేదు. మా ఇంట్లో బండి కూడా రొక్కం పెట్టి కొన్నదే. నాలుగింటికి పర్మిషన్ తీసుకుని వెళ్తే కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించాడు. స్కోరు 588. కాపీ ఇవ్వమంటే కుదరదు, మీరే డౌన్‌లోడ్ చేసుకోండి అన్నాడు. ఆ కుర్రాడి తప్పేం లేదు గానీ, వాడు నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. ఎగవేతదారుని చూసినట్టే చూశాడు.

రిపోర్టు గురించి ముందు చెప్తాను. మన అప్పులు, కిస్తీల చరిత్ర రాసి ఉంచే క్రెడిట్ బ్యూరోలు మన దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, అది ఆర్బీఐ రూలు. కానీ సైట్లోకి వెళ్తే ముందు కనపడేది డబ్బు కట్టే ప్లాన్లు. ఉచితం అన్న లింకు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతుక్కోవాలి. నాలుగూ తీయండి. నా విషయంలో లోను మూడింట్లోనే కనపడింది. నాలుగోదాంట్లో లోను లేదు గానీ, వేరే కంపెనీలు నా గురించి ఎంక్వైరీ చేసిన వివరం దాంట్లోనే ఉంది.

ఆ రాత్రి మా అబ్బాయి లాప్‌టాప్‌లో చూశాను. పైన నా పేరు, నా పుట్టిన తేదీ, నా పాన్ నంబరు, అన్నీ కరెక్టు. దాని కింద నాది కాని ఫోన్ నంబరు, నేను జన్మలో అడుగు పెట్టని ఊరి అడ్రసు. లోను డబ్బు పడింది 2024 నవంబరు 18. కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో నెలవారీ గళ్ళు ఉంటాయి చూడండి, అందులో జనవరి 26, ఫిబ్రవరి 54, మార్చి 85, ఏప్రిల్ 115, మే 146. నేను రోజూ అప్పులు ఎగ్గొట్టే పార్టీల ఖాతాలు చూసేదాన్ని. ఈ అంకెలు నా పేరు కింద చూసేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. నాలుగో బ్యూరో రిపోర్టు చివర్లో ఎంక్వైరీల లిస్టు. అదే నవంబరులో అదే వారంలో ఇంకో మూడు కంపెనీలు నా రిపోర్టు తీసి చూశాయి. అంటే వాడు నాలుగు చోట్ల ప్రయత్నిస్తే ఒకచోట పండింది.

ఇలా రిపోర్టు తీసినప్పుడల్లా మనకి ఎస్సెమ్మెస్ రావాలని 2024 ఏప్రిల్ నుంచి రూలు ఉంది. నాకు రాలేదు. నా పేరు కింద వాడి నంబరు చేరి ఉంది కదా, వాడికే వెళ్ళి ఉంటుంది. అందుకే ఆరు నెలలు కలెక్షన్ ఫోన్ ఒక్కటీ మా ఇంటికి రాలేదు.

కాగితాలు ఎక్కడి నుంచి పోయాయి అంటే ఏమని చెప్పను? వరదలప్పుడు నష్టపరిహారానికి, ఇన్సూరెన్సుకి, పాడైన పాస్‌బుక్కుల బదులు కొత్తవాటికి ఆ రెండు నెలలు ఆధార్, పాన్ జిరాక్సులు ఇవ్వని చోటు లేదు. సింగ్ నగర్‌లో అందరిదీ అదే పరిస్థితి. అక్కడి నుంచే పోయాయని కూడా అనలేను. ఎఫ్‌ఐఆర్‌లో కూడా "తెలియని వ్యక్తులు" అనే ఉంది.

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇంట్లో జరిగింది. మా మరిది ఒకప్పుడు ఏదో ఫైనాన్సుకి ష్యూరిటీ అడిగాడు. మా ఆయనకి అది గుర్తొచ్చింది. అర్ధరాత్రి అతనికి ఫోన్ చేసి "ఒరేయ్, వదిన పాన్ కార్డు నువ్వేమైనా వాడావా?" అని అడిగేశారు. అటు నుంచి ఒక నిమిషం మాట లేదు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. అది ఎవరి పనో ఇప్పుడు అందరికీ కొంత తెలిసినా, ఆ మాట మాత్రం వెనక్కి రాలేదు. ఇలాంటిది జరిగితే మొదటి అనుమానం బయటి దొంగ మీదకి పోదు, ఇంట్లోవాళ్ళ మీదకే పోతుంది. ఆ నాలుగు రోజులు మాత్రం నోరు కట్టేసుకోండి.

1930 సంగతి. ఆ రాత్రే చేశాను. మాట్లాడినావిడ మర్యాదగానే మాట్లాడింది. మొదటి ప్రశ్న "మీ అకౌంట్లోంచి డబ్బు పోయిందా?" లేదన్నాను. అయితే పోర్టల్లో కంప్లయింట్ పెట్టండి అంది. 1930 ముఖ్యంగా మన ఖాతాలోంచి పోతున్న డబ్బుని దారిలో ఆపడానికి, అందుకే గంటల లెక్కన పరుగెడతారు. ఆరు నెలల కిందట వేరేవాళ్ళ డబ్బు వేరే ఖాతాలో పడిపోయిన నాలాంటి కేసులో వాళ్ళు ఆపడానికి ఏమీ లేదు. శనివారం, 14న, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాశాను. లోను అకౌంటు నంబరు, డబ్బు పడిన తేదీ, రిపోర్టులో ఆ పేజీ, 2024 నవంబరు, డిసెంబరు నెలల నా బ్యాంకు స్టేట్‌మెంటు జత చేశాను. ఆ స్టేట్‌మెంటు చాలా ముఖ్యం. ఆ 1,85,000 నా ఖాతాలో పడలేదని చెప్పే కాగితం అదొక్కటే.

పోర్టల్లో వచ్చే నంబరు ఎఫ్‌ఐఆర్ కాదు, ఇది చాలామందికి తెలీదు. సోమవారం స్టేషన్‌కి వెళ్తే రైటర్ గారు అంతా విని "నీ డబ్బు పోలేదుగా అమ్మా, నీకు నష్టమేముంది?" అన్నాడు. హోమ్ లోను ఆగిపోయింది, మూడు లక్షల అడ్వాన్సు పోయేలా ఉంది, ఇంకేం నష్టం కావాలి సార్ అన్నాను. ఎస్సై గారు వచ్చాక కాగితాలు తిరగేసి కేసు కడతామన్నారు, కానీ కట్టడానికి నెలాఖరు అయింది. జూన్ 27న కాపీ చేతికొచ్చింది. భారతీయ న్యాయ సంహితలో మోసం, వేరొకరిలా నటించి మోసం చేయడం, ఐటీ చట్టంలో 66సి, 66డి సెక్షన్లు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఉచితంగా ఇవ్వాలి, జిరాక్సు ఖర్చులని ఎవరైనా అడిగితే ఇవ్వక్కర్లేదు. నన్నెవరూ అడగలేదు, అది చెప్పాలి.

ఈలోగా లోనిచ్చిన కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అది ఒక యాప్ ద్వారా లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీ. "మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి" అంటుంది. ఆ మొబైల్ దొంగది! ఓటీపీ చెప్పకపోతే లైను ముందుకి పోదు, మనిషి మాట్లాడడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఫోన్లు మానేసి వాళ్ళ సైట్లో అట్టడుగున ఉన్న, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు, నోడల్ ఆఫీసరు మెయిల్ ఐడీలు పట్టుకున్నాను. అవి సైట్లో పెట్టి తీరాలి. జూన్ 17న మెయిల్ పెట్టాను. మా కొట్టు ఆడిటరు గారు ఒక సలహా ఇచ్చారు. "అమ్మా, ఇది నా లోను కాదు అని మాత్రమే రాస్తే వాళ్ళు కాదంటారు. నా లోనే అంటున్నారుగా, అయితే దాని కాగితాలు నాకివ్వండి అని అడుగు" అన్నారు. ఆ ఒక్క మాటే మొత్తం వ్యవహారాన్ని తిప్పింది. లోను అగ్రిమెంటు, కేవైసీకి, అంటే గుర్తింపు రుజువుకి, ఇచ్చిన పాన్, సెల్ఫీ, డబ్బు వేసిన ఖాతా వివరం, ఇవన్నీ పంపమని రాశాను. అదే రోజు మూడు బ్యూరోల్లోనూ డిస్ప్యూట్, అంటే ఈ వివరం తప్పు అని అభ్యంతరం, వేశాను, దానికి డబ్బులేమీ అక్కర్లేదు. ముప్ఫై రోజుల్లో తేల్చాలి, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రూలు ఉందని కూడా ఆయనే చెప్పారు.

జూన్ 14 శనివారమే చేసిన ఇంకో రెండు పనులు. సంచార్ సాథీ సైట్లో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. నాకు తెలియనిది ఒకటి కనపడింది, "నా నంబరు కాదు" అని కొట్టాను, కొన్నాళ్ళకి పోయింది. రెండోది ఆధార్ బయోమెట్రిక్ లాక్. ఎమ్ ఆధార్ యాప్‌లో అయిపోయింది. అదెంత గట్టిగా పని చేస్తుందో జూలై మొదటి వారం రేషన్ డిపోలో తెలిసింది. వేలు పెడితే మిషన్ 330 అని ఎర్రర్ చూపించింది. డీలరు నా వేలు తుడిచి, తలకి నూనె రాసుకున్నట్టు నుదుటి మీద రుద్ది, మళ్ళీ పెట్టించాడు. "నీకు వేళ్ళు అరిగిపోయాయమ్మా" అన్నాడు. 330 అంటే బయోమెట్రిక్ లాక్ చేసి ఉందని అర్థం. చివరికి మా ఆయన్ని పిలిపించి ఆయన వేలితో బియ్యం తెచ్చుకున్నాం. యాప్‌లో కాసేపు మాత్రం లాక్ తీసే సదుపాయం ఉంది, ఆ తర్వాత దానంతటదే మళ్ళీ పడిపోతుంది. పాన్‌కి మాత్రం అలా తాళం వేసే వీలు నాకెక్కడా కనపడలేదు.

జూలైలో నేను అసలు ఊహించనిది మొదలైంది. అప్పటిదాకా నాకు రాని కలెక్షన్ ఫోన్లు నాకే రావడం మొదలైంది! నోడల్ ఆఫీసరుకి పెట్టిన మెయిల్లో నా నంబరు ఇచ్చాను కదా, అది వాళ్ళ వసూళ్ళ విభాగానికి చేరింది. అప్పుడు మాకు ఆషాఢం సేల్. కొట్లో ఊపిరాడని జనం. ఫోన్ మోగుతూనే ఉండేది. "మేడమ్ గారూ, మొత్తం రెండు లక్షల ముప్ఫై వేలు దాటింది. మీరు లేడీస్ కాబట్టి చెప్తున్నా, అరవై వేలు కట్టేయండి, సెటిల్ చేసి క్లియరెన్స్ ఇప్పించేస్తాను." ఒకడు రాత్రి తొమ్మిదింటికి చేశాడు. రాత్రి ఏడు దాటాక, పొద్దున ఎనిమిదికి ముందు చేయకూడదని ఆర్బీఐ ఆదేశం ఉంది కదా అన్నాను. మర్నాటి నుంచి సరిగ్గా ఎనిమిదింటికి చేసేవాడు.

నిజం చెప్పాలంటే ఆ అరవై వేల మాట ఇంట్లో పెద్ద గొడవైంది. మా ఆయన లెక్క ఆయనది. అరవై వేలు పారేస్తే మూడు లక్షలు మిగులుతాయి, ఇల్లు దక్కుతుంది. ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. ఆడిటరు గారు మాత్రం కుదరదంటే కుదరదన్నారు. ఒక్క రూపాయి కట్టినా అప్పు నాదేనని ఒప్పుకున్నట్టే, పైగా రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అది ఏళ్ళ తరబడి ఉంటుంది, దాన్ని చూసి ఏ బ్యాంకూ హోమ్ లోను ఇవ్వదు అన్నారు. అప్పటి నుంచి వచ్చిన ప్రతి ఫోన్‌కీ "మీరు చెప్పేదేదో మెయిల్లో రాసి పంపండి" అని ఒకటే జవాబు. ఒక్కడూ రాసి పంపలేదు.

జూలై 14న బ్యూరోల నుంచి జవాబు. "సంబంధిత సంస్థ ఈ సమాచారం సరైనదేనని ధ్రువీకరించింది. మార్పు లేదు." అంతే, రెండు లైన్లు. బ్యూరో తనంతట తాను ఏదీ తీయదు, లోనిచ్చినవాళ్ళు ఊ అంటేనే మారుస్తుంది, అది అప్పుడు అర్థమైంది. గోడౌన్‌లో బేళ్ళ మధ్య కూర్చుని ఏడ్చాను. మా షావుకారు గారు చూసి ఏమీ అడక్కుండా టీ పంపించారు.

రెండు రోజులకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. "మా రికార్డుల ప్రకారం కేవైసీ సక్రమంగా పూర్తయింది" అని గంభీరంగా రాశారు. అయితే నేను అడిగిన కాగితాల్లో కొన్ని జత చేశారు. పాన్ కార్డు తెరిచాను. నంబరు నాది, పేరు నాది, నాన్నగారి పేరు ఒక అక్షరం తేడాతో ఉంది. ఫోటో ఎవరిదో, పాతికేళ్ళ అమ్మాయిది. సెల్ఫీ కూడా ఆ అమ్మాయిదే, వెనక పచ్చరంగు గోడ, గోడకి వేలాడుతున్న హెల్మెట్. ఆ పిల్ల ముఖం చాలాసేపు చూశాను. కోపం రాలేదు, ఎందుకో భయం వేసింది. ఎవరో ఈమెని కూర్చోబెట్టి ఫోటో తీసి ఉంటారు, ఆమెకి ఎంత ఇచ్చారో అనిపించింది. కింద సంతకం ఇంగ్లిష్‌లో ఉంది. నేను పదో తరగతి నుంచి సంతకం తెలుగులోనే చేస్తాను. పాన్ మీద, పాస్‌బుక్ మీద, ఫ్లాట్ అగ్రిమెంటు మీద, అన్నిటి మీదా తెలుగే.

అదే వారంలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేద్దామని ఏఐఎస్ తెరిచాను. మన పాన్ మీద ఎక్కడెక్కడ ఏం లావాదేవీ జరిగిందో అందులో పడుతుంది, సేవింగ్స్ ఖాతా వడ్డీతో సహా. నాకున్నవి రెండు ఖాతాలు, అక్కడ మూడో బ్యాంకు పేరుంది. వడ్డీ 41 రూపాయలు. లోను డబ్బు పడింది ఆ ఖాతాలోనే! నా పాన్‌తో, నా పేరుతోనే ఖాతా తెరిచి ఆ డబ్బు అందులో వేయించుకున్నారు. పేరు కలిసింది కాబట్టి కంపెనీకి అనుమానం రాలేదు. మీకు ఏ అనుమానమూ లేకపోయినా ఏడాదికోసారి ఏఐఎస్‌లో ఆ వడ్డీల జాబితా చూసుకోండి, ఒక్క పైసా ఖర్చు లేదు. అలాగే జీఎస్టీ సైట్లో పాన్ నంబరు కొట్టి వెతికితే ఆ పాన్ మీద ఎవరైనా రిజిస్ట్రేషన్ చేయించారేమో తెలుస్తుంది. నా పాన్ మీద ఏమీ లేదు, బతికిపోయాను. ఆ 41 రూపాయల ఎదురుగా "ఈ సమాచారం ఒప్పుకోను" అన్న ఫీడ్‌బ్యాక్ పెట్టి, స్క్రీన్‌షాట్ ఎస్సై గారికి ఇచ్చాను. ఆ బ్యాంకుకీ రాశాను. ఖాతా స్తంభింపజేశామని వారంలో జవాబిచ్చారు, వివరాలు మాత్రం పోలీసులకే ఇస్తామన్నారు. పోలీసులు నోటీసిస్తే ఇచ్చారు కూడా. డబ్బు పడిన రోజే అక్కడి నుంచి వెళ్ళిపోయిందని స్టేషన్‌లో చెప్పారు.

జూలై 21న, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి పెట్టాను. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి, ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళాలి. అందుకే జూన్ 17 మెయిల్ అంత ముఖ్యం, తేదీ ఉంటుంది కదా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆర్బీఐ ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్లో మనమే నింపుకోవచ్చు, ఏదైనా అర్థం కాకపోతే 14448కి ఫోన్ చేయొచ్చు. నేను పెద్ద కథ రాయలేదు. నా అసలు పాన్, వాళ్ళు పంపిన పాన్ పక్కపక్కన పెట్టి ఒక పేజీ, నా సంతకం, ఆ సంతకం పక్కపక్కన పెట్టి ఒక పేజీ, నా బ్యాంకు స్టేట్‌మెంటు, ఎఫ్‌ఐఆర్, నోటరీ అఫిడవిట్. ఫైలు సైజు మించితే తీసుకోదు, మా అబ్బాయి తగ్గించి పెట్టాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. శ్రావణం వచ్చింది, కొట్లో సెలవు అడిగితే పాపం తగులుతుంది. ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం రోజే అగ్రిమెంటు గడువు. ముందు రోజు మాస్టారి దగ్గరికి వెళ్ళి ఫైలంతా ముందు పెట్టాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క కాగితం చదివి "అమ్మాయ్, నాకు అర్థమైంది. కానీ మా అబ్బాయికి అమెరికాలో డబ్బు పని పడింది" అన్నారు. ఆఖరికి ఇంకో లక్ష అడ్వాన్సు తీసుకుని అక్టోబరు నెలాఖరు దాకా గడువు పెంచి, అగ్రిమెంటు వెనక రాసిచ్చారు. ఆ లక్ష కోసం నా గాజులు రెండు బ్యాంకులో పెట్టాం. ఇంకో బ్యాంకులో, చెప్పనక్కర్లేదు. బంగారం మీద అప్పుకి మాత్రం స్కోరు ఎవరూ పెద్దగా అడగలేదు.

ఆగస్టు 26న, వినాయక చవితి ముందు రోజు, కంపెనీ నుంచి మెయిల్. స్వరం పూర్తిగా మారిపోయింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఈ ఖాతా మోసపూరితమైనదిగా గుర్తించాం. బ్యూరోలకు తెలియజేస్తాం." కలెక్షన్ ఫోన్లు ఆ రోజుతో ఆగిపోయాయి. అంబుడ్స్‌మన్ ఆఫీసు వాళ్ళని ఏమడిగిందో నాకు తెలీదు, మధ్యలో నాకొచ్చినవి రెండు చిన్న మెయిళ్ళే. కానీ అడిగింది మాత్రం అక్కడే.

పండగ చేసుకుని ఊపిరి పీల్చుకున్నాం. సెప్టెంబరు రెండో వారంలో రిపోర్టు తీస్తే లోను ఉంది! "క్లోజ్డ్" అని పెట్టారు, బాకీ సున్నా, కానీ ఆ గళ్ళన్నీ అలాగే ఉన్నాయి, 26, 54, 85. స్కోరు 640. బ్యాంకు అబ్బాయికి చూపిస్తే "క్లోజ్ అయితే అయింది గానీ మేడమ్, ఈ ఆలస్యాలు కనపడుతున్నంతకాలం పైవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. క్లోజ్ చేయడం వేరు, తీసేయడం వేరు. కంపెనీకి ఇది అర్థం కాక కాదు, వాళ్ళకి క్లోజ్ చేయడం తేలిక. ఆగస్టు 26 నాటి మెయిల్‌ని జత చేసి, "ఈ ఖాతా నా రిపోర్టులో ఉండనే కూడదు, నెలవారీ చరిత్రతో సహా తొలగించాలి" అని అవే మాటలతో కంపెనీకీ, మూడు బ్యూరోలకీ మళ్ళీ రాశాను. ఈ సారి త్వరగానే కదిలింది. కంపెనీలు పదిహేను రోజులకోసారి బ్యూరోలకి వివరాలు పంపాలన్న రూలు 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది, అప్పుడు అది కొంత పనికొచ్చింది. సెప్టెంబరు 25న, దసరా నవరాత్రుల్లో, ఇంద్రకీలాద్రి కింద ట్రాఫిక్‌లో ఆటోలో ఇరుక్కుని ఉండగా మెయిల్ వచ్చింది. లోను లేదు. స్కోరు 751.

రోజుకి వంద పరిహారం అడిగాను. మొదటి డిస్ప్యూట్‌కి ముప్ఫై రోజుల్లోపే జవాబిచ్చాం, రెండోదీ గడువులోపే తేల్చాం, కాబట్టి వర్తించదన్నారు. తప్పుడు జవాబైనా గడువులో ఇస్తే సరిపోతుందన్నమాట. దాని మీద ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఖర్చుల సంగతి: ఫిర్యాదులన్నీ ఉచితమే. నోటరీకి, స్టాంపు పేపరుకి, జిరాక్సులకి, స్పీడ్ పోస్టులకి కలిపి రెండు వేల లోపు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు రెండోసారి 5,900. గాజుల మీద వడ్డీ వేరే. కోసిన జీతం నేను లెక్కేసుకోలేదు, షావుకారు గారు కొంత వదిలేశారు.

హోమ్ లోను అక్టోబరులో మంజూరైంది, గడువుకి వారం ముందు రిజిస్ట్రేషన్ అయింది. ఆ రోజు పొద్దున్నే మా అబ్బాయి ఫోన్ తీసుకుని నా బయోమెట్రిక్ లాక్ తీసి చూసుకున్నాడు, రేషన్ డిపోలోలా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నిలబడాల్సి వస్తుందని.

కేసు ఇంకా దర్యాప్తులోనే ఉంది. ఆ అమ్మాయి ఎవరో తెలిసిందంటున్నారు, చేయించినవాళ్ళు దొరకలేదు. లోనివ్వని ఆ మూడు కంపెనీల ఎంక్వైరీల్లో రెండు పోయాయి. వాటికి బ్యూరోతో పాటు ఏ కంపెనీ ఎంక్వైరీ చేసిందో ఆ కంపెనీకే విడిగా రాయాలి. మూడోది ఇంకా ఒక రిపోర్టులో కనపడుతోంది, దానికి పోయిన సోమవారం ఎఫ్‌ఐఆర్ కాపీ జత చేసి మళ్ళీ డిస్ప్యూట్ వేశాను.